కిక్ కొట్టే ముందు



రెండేళ్లకో మూడేళ్లకో సెలవు దొరికి దుబాయ్ నుంచో కువైట్ నుంచో ఇంటికి వచ్చిన మనిషి, పలకరింపులన్నీ అయ్యాక చేసే పని ఏమిటో జగిత్యాల, సిరిసిల్ల వైపు పల్లెల్లో అడిగినా, కోనసీమలో అడిగినా, రాజంపేట చుట్టుపక్కల అడిగినా ఒకటే జవాబు వస్తుంది. వసారాలో పాత దుప్పటి కప్పి ఉంచిన బండి దగ్గరికి వెళ్తాడు. దుప్పటి లాగేసి, సీటు మీద దుమ్ము దులిపి, తాళం తిప్పి కిక్ కొడతాడు. అందుకోదు. చోక్ లాగి మళ్లీ కొడతాడు. తమ్ముడు ఓ చెయ్యి వేస్తాడు, బావమరిది ఓ చెయ్యి వేస్తాడు, చివరికి పిల్లలంతా కలిసి వీధి చివరిదాకా తోస్తారు. చెమటలు పట్టడం తప్ప ఫలితం ఉండదు. చీకటిపడే వేళకు అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ఎవరో ‘ఇంజిను పోయుంటుందిరా, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్’ అని తీర్పు చెప్పేస్తారు.

నూటికి తొంభై పాళ్లు ఆ తీర్పు తప్పని నా నమ్మకం. తిరిగి తిరిగి అరిగిన బండి జబ్బు వేరు, నిలబడి మొరాయించిన బండి జబ్బు వేరు. తిరిగిన బండిలో రింగులు అరుగుతాయి, చైను సాగుతుంది, క్లచ్ ప్లేట్లు పలచబడతాయి. అక్కడ కొత్త సామాను కొనక తప్పదు. నిలబడిన బండిలో అరిగింది ఏమీ ఉండదు. పెట్రోలు చెడిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, తేమ చేరుతుంది, పురుగూ పుట్రా కాపురం పెడతాయి. వీటిలో చాలావాటికి కావలసింది డబ్బు కాదు, ఓపిక. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో ఆ వరస తెలిస్తే చాలు. ఆ వరస తప్పి ముందు కిక్ కొట్టడం వల్లనే, సులువుగా పోయే జబ్బు ఖరీదైన జబ్బుగా మారుతోంది.

ఎలాగంటారా? నిలబడిన ఇంజినులో సిలిండరు గోడల మీది నూనె ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది. పొడిగా ఉన్న ఆ గోడల మీద రింగుల్ని ఆపకుండా రుద్దితే గీతలు పడతాయి. ట్యాంకు అడుగున చేరిన తుప్పూ నీళ్లూ మీరు కొట్టే కిక్కులతోనే కార్బొరేటర్‌లోకి దిగుతాయి. సెల్ఫ్ బటన్ అదే పనిగా నొక్కి ఉంచితే మోటారు వేడెక్కుతుంది, కొన ఊపిరితో ఉన్న బ్యాటరీ ఆ పూటతో సరి. అందుకని మొదటి రోజు తాళం తిప్పకండి. మొదటి రోజు కళ్లకూ చేతులకూ పని చెప్పండి.

బండిని వసారాలోంచి ఆరుబయటికి తీసుకురండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. ఈ పనిలో పెట్రోలు బయటికి తీయాల్సి వస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. వంటింట్లో పొయ్యి వెలుగుతున్నా, తులసికోట దగ్గర దీపం ఉన్నా అక్కడిదాకా వెళ్లి అంటుకోగలదు. బీడీ, సిగరెట్ అలవాటున్న వాళ్లను ఆ పూటకు దూరంగా కూర్చోమనండి. మూసిన గదిలో ఇంజిను ఆన్ చేయడమూ ప్రమాదమే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు సైలెన్సరు మూతి చూడండి. మన ఇళ్లలో కుమ్మరిపురుగు ఉండని గోడ ఉండదు. కన్నం కనబడితే మట్టి తెచ్చి గూడు కడుతుంది. సైలెన్సరు చివర, ట్యాంకు పొంగితే పెట్రోలు పోయే సన్న గొట్టంలో, కార్బొరేటర్ కింది గొట్టంలో దాని గూళ్లు దొరుకుతుంటాయి. పొగ బయటికి పోయే దారి మూసుకుపోతే ఇంజిను ఎంత బాగున్నా అందుకోదు. తర్వాత పక్క డూము తీసి ఎయిర్ ఫిల్టరు చూడండి. ఎలుకకు అంతకంటే మంచి ఇల్లు లేదు. దూది, గుడ్డ పీలికలు, వరిగడ్డి అన్నీ తెచ్చి పరుచుకుంటుంది. ఊరికే గూడు పెట్టి ఊరుకోదు, వైర్లు కూడా కొరుకుతుంది. కాబట్టి సీటు తీసి, ట్యాంకు కింద నుంచి వెనకదాకా వైర్లన్నీ వేళ్లతో తడిమి చూడండి. ఒక్క చోట రాగి కనబడినా జబ్బు అక్కడే ఉండొచ్చు.

ఇంజినాయిల్ సంగతి. కొలత పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు వాసన గుప్పుమంటే, ఆయిల్ ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంటే, ట్యాంకులోని పెట్రోలు కార్బొరేటర్ దాటి మెల్లమెల్లగా ఇంజినులోకి దిగిందని అర్థం. ఆ పల్చని ఆయిల్‌తో ఇంజిను తిప్పకూడదు. ఆయిల్ పాలలా తెల్లబారితే నీళ్లు చేరాయని అర్థం. వాసన, రంగు బాగున్నా సరే, రెండేళ్లు దాటిన ఆయిల్‌ను మార్చేయమనే నేను చెబుతాను. వాడిన ఆయిల్‌లో ఇంధనం కాలగా మిగిలిన ఆమ్లాలూ తేమా ఉంటాయి, అవి బేరింగుల మీద కూర్చుని వాటిని తింటుంటాయి.

తర్వాత ఇంజిను తిరుగుతోందా లేదా అన్నది తేల్చుకోవాలి. ప్లగ్గు స్పానర్‌తో ప్లగ్గు విప్పండి. విప్పేముందు దాని చుట్టూ ఉన్న మట్టిని ఊదేయండి, లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గు కన్నంలోంచి ఒక చెంచాడు శుభ్రమైన ఇంజినాయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారాక సెంటర్ స్టాండు వేసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని ముందుకు మెల్లగా చేత్తో తిప్పండి. ప్లగ్గు లేదు కాబట్టి బిగువు ఉండదు, ఇంజిను హాయిగా తిరగాలి. తిరిగితే సగం దిగులు తీరినట్టే. తిరక్కపోతే బలం చూపించకండి. మరికాస్త ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగండి. సముద్రం దగ్గరి ఊళ్లలో, కాకినాడ, భీమిలి లాంటి చోట్ల, ఉప్పుగాలికి రింగులు సిలిండర్‌కు పట్టేయడం మామూలే. అప్పటికీ కదలకపోతేనే మెకానిక్ చేత హెడ్ విప్పించాలి. కిక్ రాడ్డు మీద ఎక్కి నిలబడే వాళ్లను చూస్తుంటాం. ఆ బరువుకు లోపలి పళ్లు విరిగితే ఖర్చు నాలుగింతలు.

ఇక బ్యాటరీ. మీ బండి ఏ కాలానిదో ఇక్కడ తేడా వస్తుంది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ వంటి పాత బళ్లలో చాలావాటికి నిప్పురవ్వకు కావలసిన కరెంటు ఇంజిను లోపలి కాయిల్ నుంచే వస్తుంది. బ్యాటరీ చచ్చినా కిక్‌తో స్టార్టవుతాయి. హారన్, ఇండికేటర్ మాత్రమే పనిచేయవు. అందుకే అలాంటి బండిలో ‘బ్యాటరీ లేదు, అందుకే స్టార్ట్ కావడం లేదు’ అని కొత్తది కొనిపిస్తే ఆ డబ్బు వృథా. అదే 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బళ్ల సంగతి పూర్తిగా వేరు. వాటిలో ఎక్కువ వాటికి పెట్రోలును పంపు నెట్టాలి, ఇంజెక్టరు చిమ్మాలి, ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు లెక్కకట్టాలి. ఈ ముగ్గురికీ అన్నం పెట్టేది బ్యాటరీయే. హెడ్‌లైటు వెలిగినంత మాత్రాన బ్యాటరీ బాగుందనుకోవద్దు. దీపం వెలిగించడానికి సరిపడే కరెంటు ఇంజిను తిప్పడానికి సరిపోదు.

మల్టీమీటరు ఉంటే పెట్టి చూడండి. తాళం ఆపి ఉండగా 12.6 వోల్టులు, ఆ పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గర సగం. 12 కంటే దిగితే ఖాళీ అనుకోవచ్చు. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కంటే కిందికి పడిపోతుంటే చార్జింగు చాలకో, బ్యాటరీ లోపల సత్తువ లేకో పడుతోంది. సెల్ఫ్ నొక్కితే సీటు కింద టక్‌టక్‌మని మాత్రమే వినిపించడం కూడా చాలావరకు ఈ జబ్బుకే గుర్తు. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా తనంతట తానే దిగుతుంది. అలా దిగి నెలలకొద్దీ ఉండిపోతే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి కూర్చుంటుంది. అంత ముదిరాక చార్జింగు ఎక్కదు. అంతకుముందు దశలో ఉంటే, బ్యాటరీని బయటికి తీసి, దాని మీద రాసిన ఆంపియర్ అవర్‌లో పదో వంతు కరెంటుతో నెమ్మదిగా చార్జింగు పెడితే చాలాసార్లు తేరుకుంటుంది. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియరు అన్నమాట. కారు బ్యాటరీలకు పెట్టే పెద్ద చార్జరు దీనికి తగిలిస్తే ఉడికిపోతుంది. మూతలున్న పాతరకం అయితే లోపలి గీతదాకా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు పనికిరావు. టెర్మినళ్ల మీద పేరుకున్న చిలుమును గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి బ్రష్షుతో కడిగి, ఆరాక కాస్త వ్యాజలీన్ రాయండి. బ్యాటరీ లోపల సోడానీళ్లు పడకూడదు.

ఇంట్లో వాళ్లకు అందరూ ఒక జాగ్రత్త అప్పజెప్పి వెళ్తుంటారు: ఆదివారం ఆదివారం ఐదు నిమిషాలు బండి ఆన్ చేసి ఆపమని. ఆ పని ప్రేమతోనే చేస్తారు గాని, దానివల్ల మేలుకంటే కీడు ఎక్కువ. సెల్ఫ్‌కు ఖర్చయిన కరెంటు ఐదు నిమిషాల్లో తిరిగి రాదు. ఇంజిను సరిగ్గా వేడెక్కదు కాబట్టి, కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి సైలెన్సరులోనూ ఆయిల్‌లోనూ నీళ్లుగా నిలిచిపోతుంది. పదిహేను రోజులకోసారి అరగంటపాటు రోడ్డు మీద నడిపేవాళ్లు ఉంటే నడపమనండి. లేదంటే బ్యాటరీ విప్పి లోపల పెట్టి, బండిని అలా వదిలేయడమే మంచిది.

నిప్పురవ్వ చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. విప్పిన ప్లగ్గును దాని క్యాప్‌లో పెట్టి, ప్లగ్గు ఇనుప ఒంటిని ఇంజిను లోహానికి గట్టిగా ఆనించండి. ప్లగ్గు కన్నాన్ని గుడ్డతో మూయండి, చుట్టుపక్కల పెట్రోలు తడి లేకుండా చూసుకోండి. నీడలో నిలబడి, తాళం ఆన్ చేసి, ఒకరిని మెల్లగా కిక్ కొట్టమనండి. ప్లగ్గును వట్టి వేళ్లతో పట్టుకోవద్దు, క్యాప్ రబ్బరు మీద పొడిగుడ్డ వేసి పట్టుకోండి. చిటుక్కుమని నీలిరంగు మెరుపు రావాలి. ఎర్రగా, బద్ధకంగా వస్తే ప్లగ్గును బ్రష్షుతో శుభ్రం చేసి సందు చూడండి. మన బళ్లలో చాలావాటికి అది 0.6 నుంచి 0.8 మిల్లీమీటరు మధ్యే. అయినా మారకపోతే కొత్త ప్లగ్గు వేయండి, అదేమంత ఖర్చు కాదు. ప్లగ్గును లోహానికి ఆనించకుండా గాలిలో పట్టుకుని మాత్రం కిక్ కొట్టకండి. కరెంటుకు పోయే దారి లేక, నిప్పురవ్వ పుట్టించే సీడీఐ పెట్టె దెబ్బతినొచ్చు.

అసలు మెరుపే లేకపోతే కంగారు పడే ముందు హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చు చూడండి. ఇంజిను ఆపే స్విచ్చు అది. బండి తుడిచేటప్పుడు పిల్లలో పెద్దలో నొక్కేసి ఉంటారు. సైడు స్టాండు వేసి ఉంటే స్టార్ట్ కాని బళ్లు ఇప్పుడు చాలా వచ్చాయి. ఆ స్టాండు దగ్గరి స్విచ్చులో మట్టి చేరితే స్టాండు తీసినా తీయనట్టే అనుకుంటుంది. తర్వాత ఫ్యూజు. పాత బుల్లెట్టు, రాజ్‌దూత్ వాళ్లయితే మెకానిక్కులు ప్లాటినం అని పిలిచే పాయింట్లు చూసుకోవాలి. రెండు ముఖాలు కలిసే చోట బూడిదరంగు పొర కట్టి కరెంటు దాటనివ్వదు. జీరో నంబరు ఎమెరీ కాగితంతో సుతారంగా గీసి, పొడికాగితం ముక్కను మధ్యలో పెట్టి లాగితే ఆ పొర ఊడివస్తుంది. మంచి స్థితిలో ఉన్న ఎన్నో పాత బళ్లు ఈ ఒక్క పొర వల్లే మూలన కూర్చున్నాయి.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం. అది పెట్రోలు.

పెట్రోలు ఒకే ఒక పదార్థం కాదు, తేలిగ్గా ఆవిరయ్యేవీ, నిదానంగా ఆవిరయ్యేవీ కలిసిన మిశ్రమం. చల్లటి ఇంజిను అందుకోవడానికి పనికొచ్చేవి ఆ తేలిక పాళ్లే. బండి నిలబడితే ముందు ఎగిరిపోయేవీ అవే. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముదురు రంగుకు తిరిగి, తుమ్మజిగురులా అంటుకునే పదార్థంగా మారుతుంది. మూడు నెలలదాకా పెద్ద ఇబ్బంది ఉండదు. మన ఎండలకు ఆరు నెలలు దాటిన పెట్రోలును నేను నమ్మను, ఏడాది దాటినదాన్ని ఇంజినులోకి పోనివ్వను.

దీనికి తోడు ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది వట్టి పెట్రోలు కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, తర్వాత దేశమంతా విస్తరించింది. రోజూ తిరిగే బండిలో అది వచ్చినట్టే ఖర్చయిపోతుంది. నిలబడిన బండిలో మాత్రం ఇథనాల్ గుణం బయటపడుతుంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ ఒక హద్దు దాటాక ఇథనాలూ నీళ్లూ జట్టుకట్టి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. కార్బొరేటర్‌కు పోయే గొట్టం ఉండేది ట్యాంకు అడుగునే. అంటే మీరు ట్యాంకు కింది పెట్రోలు కాక్ తిప్పగానే ఇంజినుకు ముందు అందేది ఆ నీళ్లే. పాత బళ్ల రబ్బరు గొట్టాలూ సీళ్లూ కూడా ఇథనాల్‌కు ఉబ్బడమో పగలడమో జరుగుతుంటుంది. గొట్టాన్ని వంచి చూసి పగుళ్లు కనబడితే అక్కడికక్కడే మార్చండి.

మీ ట్యాంకులో ఏముందో మీ కళ్లతోనే చూడొచ్చు. కాక్ మూసి, గొట్టాన్ని కార్బొరేటర్ వైపు లాగేయండి. శుభ్రమైన తెల్లటి గాజుసీసా కింద పెట్టి, కాక్‌ను రిజర్వులోకి తిప్పి సీసా నింపండి. అరగంట కదపకుండా నీడలో ఉంచండి. తర్వాత కంటి ఎత్తుకు ఎత్తి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. సీసాలో మధ్యన ఒక గీత కనబడితే పైన పెట్రోలు, కింద నీళ్లూ ఇథనాలూ. అడుగున ఇటుకపొడి రంగు నలుసులు చేరి ఉంటే ట్యాంకు లోపల తుప్పు పట్టింది. గీత లేకపోయినా ముదురు పసుపుకు తిరిగి, ముక్కుకు పుల్లగా, చెక్కలకు వేసే వార్నిష్ వాసన కొడితే పాడైన పెట్రోలే. కొత్త పెట్రోలు వాసన ఒకసారి పక్కన పెట్టి చూస్తే తేడా పిల్లలకు కూడా తెలుస్తుంది. ఈ సీసా పరీక్ష చేయకుండా, పాతదాని మీదే రెండు లీటర్లు కొత్తది పోయించి తోసేవాళ్లు చాలామంది. అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది, కొత్తది పైన తేలుతుంది.

పాత పెట్రోలంతా తీసేయాల్సిందే. తీసినదాన్ని మోరీలో, పెరట్లో, బావి దగ్గర పారబోయకండి. నేలలో ఇంకి నీళ్లను చేరుతుంది. విడిభాగాలు కడగడానికి మెకానిక్ షెడ్డువాళ్లు తీసుకుంటారు. ట్యాంకులో తుప్పు కొద్దిగా ఉంటే కొత్త పెట్రోలు కాస్త పోసి తొలిచి, తెల్లగా వచ్చేదాకా ఒంపుకోవాలి. కాక్ లోపలి జాలీని విప్పి కడగాలి. పొరలు పొరలుగా ఊడుతుంటే ట్యాంకు విప్పి ఇచ్చి శుభ్రం చేయించడం తప్ప దగ్గరదారి లేదు.

బండిని ఎలా నిలపాలన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది, ఆ గాలిలో తేమ ఉంటుంది, రాత్రి చల్లబడ్డప్పుడు అది లోపలి గోడల మీద చెమ్మగా దిగుతుంది. రెండు మూడు నెలలైతే ట్యాంకు నిండా పోయించి, కార్బొరేటర్ ఖాళీ చేసి నిలపండి. ఏళ్ల తరబడి అయితే నింపవద్దు. మొత్తం తీసేసి, లోపల కాస్త ఇంజినాయిల్ పోసి నలుమూలలా అంటేలా తిప్పి, మూత బిగించండి. ఇది కార్బొరేటర్ బళ్లకు చెప్పే మాట. ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దానికి చలవా నూనే రెండూ పెట్రోలే. కాబట్టి ఆ బండి ట్యాంకు ఖాళీగా ఉండగా తాళం ఆన్ చేయకూడదు.

కార్బొరేటర్ అడుగున ఒక చిన్న గిన్నె ఉంటుంది, ఫ్లోట్ చాంబర్ అంటారు. అందులో పట్టేది కొన్ని చెంచాల పెట్రోలే. అందుకే ట్యాంకుకంటే ముందు అదే ఎండిపోయి జిగురు మిగులుస్తుంది. గిన్నె అడుగున స్క్రూ ఉంటుంది. కాక్ మూసి ఆ స్క్రూ వదులు చేసి ఉన్నది ఒంపేయండి. తర్వాత కొత్త పెట్రోలు పోసిన ట్యాంకు కాక్ తెరవండి. ధారగా వస్తే దారి బాగుంది. చుక్క కూడా రాకపోతే గిన్నెలోకి పెట్రోలును వదిలే సూది జిగురుకు అంటుకుంది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తట్టితే ఒక్కోసారి ఊడుతుంది. ఆగకుండా పొంగిపోతుంటే ఆ సూదే మూసుకోవడం లేదు. ఈ రెండూ తట్టడంతో తీరకపోతే కార్బొరేటర్ విప్పాలి.

విప్పడం భయపడాల్సిన పని కాదు, కానీ పళ్లెం పరుచుకుని, విప్పిన వరసలోనే సామాను పేర్చుకోండి. గాలి స్క్రూను తీసేముందు, అది ఆగేదాకా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసిపెట్టుకోండి. బిగించేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి తిప్పాలి. లోపల రెండు ఇత్తడి జెట్లు కనబడతాయి. పెద్దది మెయిన్ జెట్టు. పక్కన లోతుగా, సన్నగా ఉండేది స్లో జెట్టు. మన దొంగ ఎక్కువసార్లు ఈ రెండోదాంట్లోనే దాక్కుంటుంది. దాన్ని తీసి రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆకాశం వైపు చూడండి. నడిమధ్యన సూదిమొనంత వెలుతురు చుక్క కనబడాలి. ఆ కన్నం అర మిల్లీమీటరు కూడా ఉండదు. వెలుతురు రాకపోతే బండి స్టార్ట్ కాకపోవడానికి కారణం మీ వేళ్ల మధ్య ఉన్నట్టే. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి కాసేపు నాననిచ్చి, పంపుతో గాలి కొట్టండి. మొండికేస్తే వైరులోంచి లాగిన మెత్తటి రాగి పోగు ఒక్కటి దూర్చండి. పిన్నీసు, ఉక్కు సూది వద్దు. ఇత్తడి మెత్తన; కన్నం వెంట్రుకవాసి పెద్దదైనా బండి జన్మంతా పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

చోక్ ఉన్నంతసేపు నడిచి, చోక్ దించగానే ఆగిపోయే బండి చేతికొస్తే ఇంకేమీ వెతక్కండి, నేరుగా స్లో జెట్టు దగ్గరికే వెళ్లండి. చక్కగా స్టార్టయి, కాస్త దూరం పోయాక ఆగి, పది నిమిషాలకు మళ్లీ అందుకునే బండి అయితే ట్యాంకు మూత చూడండి. పెట్రోలు దిగిన కొద్దీ గాలి లోపలికి పోవడానికి మూతలో సన్న కన్నం ఉంటుంది. అది మూసుకుంటే పెట్రోలు దిగదు. ఆగిన చోటనే మూత తెరిస్తే సుయ్‌మని గాలి లోపలికి పోయే చప్పుడు వినిపిస్తుంది.

ఇంజెక్షన్ బళ్లకు విప్పే పని తక్కువ, వినే పని ఎక్కువ. తాళం ఆన్ చేయగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు జుయ్‌మని పంపు చప్పుడు రావాలి. రాకపోతే ఎర్ర స్విచ్చు, ఫ్యూజు, బ్యాటరీ, ఆ వరసలో చూడండి. చప్పుడు వస్తున్నా అందుకోకపోతే పెట్రోలు మార్చి చూడండి. మీటరులో ఇంజిను బొమ్మ దీపం ఆరకుండా మిణుకుమంటుంటే, అది ఎన్నిసార్లు మెరిసి ఆగుతోందో గమనించి మెకానిక్‌కు చెప్పండి. చాలా బళ్లలో జబ్బు ఏమిటో ఆ మెరుపుల లెక్కలోనే ఉంటుంది.

1996లో తయారీ ఆగిపోయినా ఇప్పటికీ ప్రాణంగా చూసుకునే వాళ్లున్న ఆర్ఎక్స్ 100 గురించి ఒక్క మాట. టూ స్ట్రోక్ బండి కనుక, ఆయిల్ గొట్టంలో గాలి చేరి ఉండొచ్చు. మొదటి లీటరు పెట్రోల్లో టూటీ ఆయిల్ విడిగా కలిపి పోయండి. స్టార్టయ్యాక యాక్సిలరేటర్ ఇవ్వకుండానే ఇంజిను తనంతట తాను అరుస్తూ పైకి పోతుంటే వెంటనే ఆపేయండి. లోపలి సీళ్లు ఎండి గాలి లాగుతున్నాయి. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

ఇవన్నీ అయ్యాక ఇప్పుడు కిక్ కొట్టండి. చోక్ లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కొట్టాలి. ఐదారు కిక్కులకు అందుకోకపోతే ఆగి ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు చాలడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. వెతకాల్సిన ప్రదేశం సగానికి సగం తగ్గిపోతుంది. అందుకున్నాక కాసేపు తెల్లటి పొగ వస్తుంది, ముందురోజు పోసిన ఆయిల్ కాలుతోందంతే. రేజ్ చేయకుండా వేడెక్కనివ్వండి.

అందుకుందన్న సంతోషంలో వెంటనే గేరు వేయకండి. నిలబడిన బండిలో క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. క్లచ్ పట్టుకున్నా బండి ముందుకు దూకుతుంది. ఇంజిను ఆపి, గేరులో పెట్టి, క్లచ్ పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోతాయి. బ్రేకు నొక్కి వదిలాక చక్రం మళ్లీ తేలిగ్గా తిరుగుతోందో లేదో చూడండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2316 అంటే 2016లో 23వ వారం. అంత పాత టైరు పక్కల్లో పగుళ్లుంటే గుబ్బలు ఎంత ఎత్తున్నా మార్చాలి. బీమా, పొల్యూషన్ కాగితాల గడువు కూడా ఆ పూటే చూసుకోండి. బండి మూలనున్నా వాటి గడువు ఆగదు. బీమా లేని బండి తగిలితే నష్టపరిహారమంతా యజమాని మీదే పడుతుంది.

ఒకటి రెండు రోజులు ఊళ్లోనే తిప్పాక, వేడి చల్లారిన తర్వాత ప్లగ్గు మరోసారి విప్పండి. మొన ఇటుక రంగులో పొడిగా ఉంటే పెట్రోలూ గాలీ సరిగ్గా కలుస్తున్నాయి. నల్లటి మసి ఉంటే ఎయిర్ ఫిల్టరు, చోక్ చూడండి. తెల్లగా మారి ఉంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదు. జెట్లలో ఎక్కడో ఇంకా జిగురు మిగిలింది, కార్బొరేటర్ మళ్లీ ఒకసారి విప్పాలి.